సిబిల్ స్కోరు ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది, ఈ దశలో ఇంకో క్రెడిట్ కార్డు తీసుకోవచ్చా?

కొత్తపద్దు

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

2021లో ఉద్యోగం పోయింది. అదే సమయంలో ఇంట్లో ఆసుపత్రి ఖర్చులు వచ్చిపడ్డాయి. అప్పటికి ఒక బ్యాంకు కార్డు మీద రూ. 1,42,000 బాకీ ఉంది. 2022లో బ్యాంకు వాళ్ళే ఫోన్ చేసి రూ. 78,000 కడితే మిగతాది వదిలేసి సెటిల్ చేస్తామన్నారు. కట్టేశాను, లెటరూ ఇచ్చారు. ఇప్పుడు ఉద్యోగం నిలకడగా ఉంది. కిందటేడు రూ. 40,000 ఎఫ్‌డీ పెట్టి దాని మీద కార్డు తీసుకున్నా. లిమిట్ రూ. 36,000. ప్రతి నెలా బిల్లు మొత్తం గడువులోపే కడుతున్నాను.

స్కోరు ప్రస్తుతం 668. నెలకు కార్డు మీద 18 వేల నుంచి 20 వేల దాకా వాడతాను. మా ఆఫీసులో ఒకాయన ఒకేసారి రెండు మూడు కార్డులకు అప్లై చెయ్యి, లిమిట్ పెరిగితే స్కోరు దానంతట అదే లేస్తుంది అంటున్నాడు. ఒక యాప్‌లో "ప్రీ అప్రూవ్డ్" అని రోజూ నోటిఫికేషన్ వస్తోంది. మా ఆవిడా నేనూ కలిసి ఏడాదిన్నరలో హోమ్ లోన్‌కు వెళ్ళాలనుకుంటున్నాం, 35 లక్షల దాకా. ఇప్పుడు కార్డులు పెంచుకుంటే మేలా, కీడా?

సూటిగా_చెప్తా

తీసుకోండి. మీ లిమిట్ 36 వేలు, వాడకం 18 వేలు, అంటే సగం. 30 శాతం దాటితే స్కోరుకు మంచిది కాదని అందరూ చెప్పేదే. ఇంకో 60 వేల లిమిట్ వచ్చిందనుకోండి, అదే 18 వేల వాడకం 19 శాతానికి దిగుతుంది. పైగా మీ రిపోర్టులో ఇప్పుడు ఒక చెడ్డ ఖాతా, ఒక మంచి ఖాతా. మంచివి పెరిగితేనే కదా చెడ్డదాని బరువు తగ్గేది. మూడు వద్దు, ఒకటి చాలు. కానీ ఇప్పుడే తీసుకోండి. హోమ్ లోన్‌కు ముందు ఏడాదిన్నర చరిత్ర తయారవుతుంది.

హోంలోన్_ఫైలు

నేను గృహరుణాల ఫైళ్ళు చూసే పనిలో ఉన్నాను. ఏ సంస్థ అన్నది చెప్పను. మా టేబుల్ మీదకు మీ రిపోర్టు వస్తే ఏ క్రమంలో చదువుతామో చెబుతాను. దాన్నిబట్టి మీకే అర్థమవుతుంది.

స్కోరు పైనే ఉంటుంది కాబట్టి అది ముందు కనిపిస్తుంది. కానీ మా చెయ్యి నేరుగా వెళ్ళేది ఖాతాల వివరాల్లోకి. అక్కడ ఒక్కో ఖాతా కింద "రిటెన్ ఆఫ్ అండ్ సెటిల్డ్ స్టేటస్" అని ఒక గడి ఉంటుంది. శుభ్రమైన ఖాతాకు అది ఖాళీగా ఉంటుంది. మీ పాత కార్డుకు అందులో "సెటిల్డ్" అనో, "పోస్ట్ రైటాఫ్ సెటిల్డ్" (బ్యాంకు రాని బాకీగా కొట్టేశాక సెటిల్ అయింది) అనో ఉంటుంది. దాని దగ్గరే సెటిల్మెంట్ మొత్తం, మాఫీ చేసిన మొత్తం కూడా కనిపించవచ్చు. ఆ తర్వాత నెలవారీ డీపీడీ పట్టీ, అంటే ఏ నెలలో గడువు దాటి ఎన్ని రోజులైందో చూపే గళ్ళు, 36 నెలల వరకు. అందులో 000 లేదా ఎస్‌టీడీ (స్టాండర్డ్) ఉంటే సరే. 030, 060, 090 కనిపిస్తే ఆగి చూస్తాం. చివర్లో ఎంక్వయిరీల జాబితా: ఏ సంస్థ, ఏ తేదీన, ఏ రకం అప్పు కోసం, ఎంత మొత్తానికి మీ రిపోర్టు తెరిచిందో వరసగా ఉంటుంది.

ఆ జాబితాలో అప్లికేషన్ తిరస్కరించారని ఎక్కడా రాయరు. కానీ మూడు ఎంక్వయిరీలు ఉండి, ఆ తేదీల తర్వాత కొత్త ఖాతా ఒక్కటీ లేకపోతే ఏం జరిగిందో చదివేవాడికి తెలిసిపోతుంది. సెటిల్డ్ ఖాతా ఉన్న మనిషి రిపోర్టులో అలాంటి వరస కనిపిస్తే ఈయన మళ్ళీ డబ్బుకు ఇబ్బంది పడుతున్నాడేమో అన్న అనుమానం వస్తుంది. మీ విషయంలో అది నిజం కాకపోవచ్చు. మా ముందు ఉండేది మాత్రం కాగితమే.

అందుకని నా మాట: మీ ఫైలుకు అడ్డం కార్డుల సంఖ్య కాదు, ఆ ఒక్క గడి. కొత్త కార్డు దాన్ని చెరపదు.

సూటిగా_చెప్తా

మీ మాట కాదనను. కానీ ఆ ఫైలు మీ టేబుల్ దాకా రావాలంటే ముందు స్కోరు వడపోత దాటాలి కదండీ? 668తో ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే చాలాచోట్ల మనిషి చూడకముందే వెనక్కి వస్తుంది. 750 దాటాలంటే ఏదో ఒకటి చేయాలి.

హోంలోన్_ఫైలు

నిజమే, స్కోరు పెరగాలి. పెంచే దారి కొత్త కార్డేనా అన్నదే ప్రశ్న.

లెక్కలమాస్టారు

వాడకం శాతం గురించి నేను చెబుతాను, ఎందుకంటే దీనికి కొత్త కార్డే అక్కర్లేదు.

బాబూ, నువ్వు బిల్లు మొత్తం కడుతున్నావు, బాగుంది. కానీ ఎప్పుడు కడుతున్నావు? బిల్లు వచ్చాక, గడువు తేదీ దగ్గర. క్రెడిట్ బ్యూరోకు, అంటే సిబిల్ లాంటి సంస్థకు మాత్రం బ్యాంకు ఒకానొక రోజున నీ బాకీ ఎంత ఉందో అది పంపుతుంది. ఇంతకుముందు ఇది నెలకోసారి జరిగేది. ఆర్బీఐ 2024 ఆగస్టులో ఇచ్చిన ఆదేశంతో 2025 జనవరి 1 నుంచి పదిహేను రోజులకోసారి పంపాలన్నారు, 15వ తేదీ నాటిది ఒకటి, నెలాఖరు నాటిది ఒకటి. ఈ తేదీలు మారొచ్చు, ఇప్పుడేవో ఓసారి కనుక్కో. ఆ రోజున నీ కార్డు మీద 19 వేలు ఉంటే, నువ్వు వారం తర్వాత పైసా మిగలకుండా కట్టేసినా, రిపోర్టులో కనబడేది 19 వేలే.

కాబట్టి బిల్లు కోసం ఎదురుచూడకు. ఆ పదిహేను రోజుల లెక్కన అయితే 12, 13 తేదీల్లో ఒకసారి, 27, 28 తేదీల్లో ఇంకోసారి అప్పటిదాకా వాడినంతా కట్టెయ్యి. కట్టింది బ్యాంకు ఖాతాలో జమ కావడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చని ఆ తేడా చెప్పాను. 36 వేల లిమిట్ మీద 3, 4 వేలు మిగిలితే పది శాతం చుట్టుపక్కల ఉంటావు. ఖర్చు అదే, జీతం అదే, కార్డూ అదే.

ఇంకో దారి: అదే బ్యాంకులో ఎఫ్‌డీ పెంచి లిమిట్ పెంచమని అడగడం. ఎఫ్‌డీలో 80 నుంచి 100 శాతం దాకా లిమిట్ ఇస్తారు, బ్యాంకును బట్టి. పాత కార్డు మీదే పెంచుతారా, కొత్త ఎఫ్‌డీకి కొత్త కార్డు ఇస్తారా అన్నది, కొత్తగా ఎంక్వయిరీ పడుతుందా అన్నది ముందే బ్రాంచిలో అడుగు.

వెన్నెలదారి

నాది మీలాంటి పరిస్థితే, కాకపోతే సెటిల్మెంట్ కాదు, వరసగా కొన్ని నెలలు ఆలస్యాలు. మొదటి ఎఫ్‌డీ కార్డు ఏడాది పైగా నడిచాక, జీతం పడే బ్యాంకు వాళ్ళే ఇస్తామంటే రెండోది తీసుకున్నాను. నాకు మేలే జరిగింది. మొదట్లో స్కోరు కొంచెం దిగింది, కొన్ని నెలలకు అంతకన్నా పైకి వెళ్ళింది. అయితే నాకు రిపోర్టులో సెటిల్డ్ అన్న మాట లేదు. ఆ తేడా పెద్దదేనని హోంలోన్ గారి పోస్టు చదివాక అనిపిస్తోంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. వాడని కార్డు ఊరికే పడి ఉంటుందిలే అనుకోవద్దు. మా మరిది దగ్గర అలాంటిదొకటి ఉండేది. మొదటి ఏడాది ఉచితం. రెండో ఏడాది వార్షిక రుసుము 500, దాని మీద జీఎస్టీ 90, మొత్తం 590 బిల్లులో పడింది. ఈమెయిల్ మారిందని రాసిచ్చినా బ్యాంకు పాత చిరునామాకే పంపుతూ వచ్చింది. ఆ 590 మీద ఆలస్య రుసుము, వడ్డీ కలిసి, కార్ లోన్‌కు వెళ్ళిన రోజున డీపీడీ గడిలో 060 కనిపించింది. తర్వాత బ్యాంకుతో మాట్లాడి సరిచేయించాడు గానీ ఆ లోన్ మాత్రం వెనక్కి పోయింది. కోలుకుంటున్న రిపోర్టుకు అంత చిన్న మొత్తం కూడా చాలు, ఏళ్ళ కష్టం పోవడానికి.

లెక్కలమాస్టారు

అమ్మా, బాగా గుర్తుచేశావు. ఆర్బీఐ 2022 కార్డు నిబంధనల ప్రకారం గడువు దాటి మూడు రోజులు మించితేనే బ్యూరోకు ఆలస్యంగా చూపాలి, పెనాల్టీ వేయాలి. ఆ మూడు రోజుల ఊరట ఉంది కదా అని దాని మీద ఆధారపడకూడదు. అలాగే ఏడాదికి మించి వాడని కార్డును మూసేస్తామని బ్యాంకు తెలియజేయాలి, 30 రోజుల్లో జవాబు రాకపోతే మూసేయాలి. అంటే వాడకుండా ఉంచుకున్న లిమిట్ ఎప్పటికీ మనదే అనుకోవడానికి లేదు.

కొత్తపద్దు

అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, బిల్లు రాకముందే కట్టొచ్చన్న సంగతి నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఈ నెల నుంచే మొదలుపెడతాను.

ఆ యాప్ సంగతి? "స్కోరు మీద ప్రభావం ఉండదు" అని రాసి ఉంది. నిజమేనా?

వెన్నెలదారి

మీకు అర్హత ఉందో లేదో చూపించే దశ వరకు నిజం కావచ్చు. తర్వాత ఒక పేజీలో "నా క్రెడిట్ సమాచారం పొందడానికి అనుమతిస్తున్నాను" అని టిక్కు పెట్టిస్తారు. అది అర్హత చూసుకోవడానికా, అసలు దరఖాస్తుకా అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. దరఖాస్తు అయితే ఎంక్వయిరీ పడ్డట్టే. మన రిపోర్టు మనం చూసుకుంటే మాత్రం ఏమీ కాదు, ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు.

రెండోది, కార్డు ఇచ్చేది ఎవరో చూడండి. యాప్ పేరు ఎంత పెద్దగా ఉన్నా వెనక ఒక బ్యాంకో, ఆర్బీఐ అనుమతి ఉన్న కార్డు కంపెనీయో ఉండాలి. కొన్ని యాప్‌లు కార్డులా చూపించేది నిజానికి ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ, ఇచ్చే అప్పు. అది మీ రిపోర్టులో కార్డుగా కాకుండా పర్సనల్ లోన్‌గా చేరుతుంది. "ఇప్పుడు కొను, తర్వాత కట్టు" రకాలు కూడా చాలావరకు అంతే. రెండు వేల రూపాయల వస్తువు కొంటే రిపోర్టులో ఒక లోన్ ఖాతా. హోమ్ లోన్‌కు వెళ్ళేవాళ్ళకు అలాంటి చిల్లర ఖాతాలు పది కనిపిస్తే బాగోదు.

సూటిగా_చెప్తా

యాప్ విషయంలో నేనూ వద్దనే అంటాను. నేను చెప్పింది బ్యాంకు కార్డు గురించి. ఇంకోటి, 2023 నవంబరులో ఆర్బీఐ బ్యాంకులకు కార్డు బాకీల రిస్క్ వెయిట్ (ఆ అప్పులకు బ్యాంకు ఎంత మూలధనం పక్కన పెట్టాలో తేల్చే శాతం) 125 నుంచి 150 శాతానికి పెంచింది. హామీ లేని అప్పుల దగ్గర బ్యాంకులు చెయ్యి బిగించడానికి అదొక కారణం. సెటిల్డ్ ఉన్నవాళ్ళకు హామీ లేని కార్డు రావడం కష్టమే, ఒప్పుకుంటాను. అందుకే ఇంకో ఎఫ్‌డీ కార్డు మేలంటాను.

రికవరీలో_పదేళ్ళు

ఆలస్యంగా వచ్చాను. కార్డు బాకీల వసూళ్ళ విభాగంలో చాలాకాలం పనిచేశాను, ఇప్పుడు మానేశాను. ఆ "సెటిల్డ్" గడి గురించి ఇక్కడ అందరూ మాట్లాడారు గానీ దాన్ని ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

తమ్ముడూ, సెటిల్మెంట్ అంటే బ్యాంకు నీకు 64,000 మాఫీ చేసింది. బ్యాంకు పుస్తకాల్లో అది నష్టం. నువ్వు ఆ మిగిలిన మొత్తం ఇప్పుడు కట్టి, ఖాతాను "క్లోజ్డ్"గా మార్చమని అడగొచ్చు. చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి. ఒప్పుకోవాలన్న బలవంతం మాత్రం లేదు. అందుకని డబ్బు కట్టే ముందు కాగితం రావాలి.

ఎలాగంటే, మొదట నాలుగు బ్యూరోల రిపోర్టులూ తీసుకో: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్‌ఐఎఫ్ హైమార్క్. ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగింటిలోనూ ఒకేలా ఉండాలని లేదు. ఒకదాంట్లో సెటిల్డ్, ఇంకోదాంట్లో రైటాఫ్ అయి బాకీ ఇంకా నిలిచి ఉన్నట్టు ఉన్న కేసులు ఎన్నో చూశాను. అది అసలు తప్పు సమాచారమే, దాన్ని పైసా కట్టకుండా సరిచేయించవచ్చు. నీ సెటిల్మెంట్ లెటర్, కట్టిన రసీదు జాగ్రత్తగా పెట్టుకో.

తర్వాత, ఆ బాకీ ఇంకా బ్యాంకు దగ్గరే ఉందా, ఏదైనా అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీకి (మొండి బాకీలు కొనే కంపెనీ) అమ్మేశారా కనుక్కో. అమ్మేస్తే ఉత్తరం రాయాల్సింది ఆ కంపెనీకి. బ్యాంకు దగ్గరే ఉంటే కస్టమర్ కేర్ నంబరుతో కాలం గడపకుండా బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి ఈమెయిల్ రాయి. మూడు మాటలు స్పష్టంగా ఉండాలి: మాఫీ చేసిన మొత్తం కట్టడానికి సిద్ధంగా ఉన్నాను, అది ఎంతో రాతపూర్వకంగా తెలపండి, కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ (బాకీ ఏమీ లేదన్న పత్రం) ఇచ్చి అన్ని క్రెడిట్ బ్యూరోల్లో ఖాతా స్థితిని క్లోజ్డ్‌గా మారుస్తామని తెలపండి. మూడోదానికి జవాబు రాకుండా డబ్బు పంపకు. కట్టేది ఆ కార్డు ఖాతాకే, బ్యాంకు చెప్పిన పద్ధతిలోనే. ఏ ఏజెంటు సొంత యూపీఐకీ పంపొద్దు.

కట్టాక రిపోర్టు మారకపోతే బ్యూరో వెబ్‌సైటులోనే డిస్ప్యూట్ (వివరం తప్పన్న ఫిర్యాదు) వెయ్యి, దానికి ఫీజు లేదు. బ్యూరో తనంతట తాను మార్చదు, బ్యాంకును అడుగుతుంది. ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని ఆర్బీఐ 2023 అక్టోబరులో చెప్పింది, 2024 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది. బ్యాంకు అసలు పలకకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్బీఐ అంబుడ్స్‌మన్ ఉండనే ఉంది.

కొత్తపద్దు

అన్నా, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. నిజం చెప్పాలంటే 64 వేలు మళ్ళీ కట్టడమంటే మనసు ఒప్పుకోవడం లేదు. బ్యాంకే ఒప్పుకుని రాసిచ్చింది కదా అనిపిస్తోంది.

సూటిగా_చెప్తా

నా ప్రశ్న కూడా అదే. ఆ 64 వేలు ఎఫ్‌డీ వేస్తే వడ్డీ వస్తుంది, ఇంకో 55 వేల లిమిట్ వస్తుంది, డబ్బు ఆయనదే. బ్యాంకుకు కడితే పోయినట్టే. పైగా క్లోజ్డ్ అని మారినా పాత డీపీడీ గళ్ళు పోవు కదా?

రికవరీలో_పదేళ్ళు

పోవు. ఆలస్యం జరిగింది నిజం కాబట్టి ఆ గళ్ళు ఉంటాయి. క్లోజ్డ్ అయిన మర్నాడే స్కోరు వంద పెరుగుతుందని ఎవరన్నా చెబితే నమ్మకండి. అలాగే ఏడేళ్ళయితే దానంతట అదే మాయమవుతుందన్న మాట కూడా. బ్యూరోలు సమాచారాన్ని కనీసం ఏడేళ్ళు ఉంచాలన్నది నిబంధన. ఏడేళ్ళకు తీసేయాలని కాదు.

హోంలోన్_ఫైలు

64 వేల లెక్క హోమ్ లోన్ పక్కన పెట్టి చూడండి. హోమ్ లోన్ అక్కర్లేని మనిషైతే సూటిగా గారి మాటే నేనూ చెప్పేవాణ్ని.

2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్త ఫ్లోటింగ్ (వడ్డీ మారుతుండే) గృహరుణాలను రెపో, అంటే ఆర్బీఐ బ్యాంకులకు అప్పిచ్చే రేటు, లాంటి బయటి బెంచ్‌మార్క్‌కు ముడిపెట్టాలి. రెపో మారితే అందరికీ మారుతుంది. దాని మీద బ్యాంకు వేసే అదనపు శాతంలో మీ క్రెడిట్ రిస్కు భాగం ఉంటుంది, అది లోన్ ఇచ్చే రోజున మీ రిపోర్టును చూసి తేలుస్తారు. మీ పరిస్థితిలో పెద్ద మార్పు వస్తే తప్ప తర్వాత దాన్ని కదపరు. అంటే ఆ ఒక్క రోజున రిపోర్టు ఎలా ఉందన్నది ఏళ్ళ తరబడి వెంట వస్తుంది. 35 లక్షల మీద అర శాతం తేడా అంటే మొదటి ఏడాదే సుమారు 17,500 వడ్డీ. నాలుగేళ్ళలో ఆ 64 వేలకు దగ్గరగా వస్తారు. అది కూడా లోన్ మంజూరైతే. సెటిల్డ్ ఉందని చాలా బ్యాంకులు అసలు ముట్టుకోవు, వడ్డీ ఎక్కువున్న హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు వెళ్ళాల్సి వస్తుంది.

మీ ఆవిడ పేరు మీద రిపోర్టు ఎలా ఉంది? జాయింట్ లోన్‌లో ఇద్దరివీ చూస్తారు. ఆమెది శుభ్రంగా ఉన్నంత మాత్రాన మీది పక్కన పెట్టరు.

సూటిగా_చెప్తా

ఈ లెక్క బాగుంది. హోమ్ లోన్ ఖాయమైతే ముందు ఆ ఖాతా సంగతి చూసుకోవడమే మంచిది. నా మొదటి సలహా మార్చుకుంటున్నా: కార్డు తర్వాత.

గుర్తుందా_గడువు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. సెటిల్డ్ తీసేయిస్తాం, 15 వేలు ఇవ్వండి అని ఒక ఏజెన్సీ వెంటపడుతోంది. నమ్మొచ్చా?

రికవరీలో_పదేళ్ళు

వద్దు. వాళ్ళు చేసేదీ పైన రాసిన డిస్ప్యూటే, మీరు ఉచితంగా చేసుకోవచ్చు. మీ ఆధార్, పాన్, ఓటీపీ వాళ్ళ చేతిలో పెట్టడం అసలు ప్రమాదం.

కొత్తపద్దు

కొన్ని వారాల తర్వాత మళ్ళీ రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుందని.

నాలుగు రిపోర్టులూ తీశాను. మూడింటిలో సెటిల్డ్. నాలుగోదాంట్లో అన్న చెప్పినట్టే బాకీ 64,000 ఇంకా నిలిచి ఉన్నట్టు ఉంది. దానికి సెటిల్మెంట్ లెటర్ జతచేసి డిస్ప్యూట్ వేశాను, సరిచేశారు. నోడల్ అధికారికి మెయిల్ పెడితే మొదట మామూలు జవాబు వచ్చింది, "మీ ఖాతాలో బాకీ లేదు" అని. మూడు మాటలూ మళ్ళీ రాసి పంపాను. ఈసారి మొత్తం ఎంతో చెబుతూ, కట్టిన తర్వాత నో డ్యూస్ ఇచ్చి బ్యూరోలకు క్లోజ్డ్ అని పంపుతామని రాశారు. మా ఆవిడతో కూర్చుని మాట్లాడాను. కట్టాలనే నిర్ణయించుకున్నాం.

నెల మధ్యలోనూ, నెలాఖరు ముందూ కట్టడం మొదలుపెట్టాను. స్కోరు 668 నుంచి 691కి వచ్చింది, అదీ కొత్త కార్డు ఏదీ లేకుండానే. యాప్ నోటిఫికేషన్లు ఆపేశాను.

ఒక్క సందేహం. అంతా మారి, లోన్ వచ్చేశాక, రెండో కార్డు తీసుకోవచ్చా?

హోంలోన్_ఫైలు

మంజూరైతే సరిపోదండీ, డబ్బు పూర్తిగా విడుదలయ్యేదాకా ఆగండి. విడతలుగా ఇచ్చే లోన్లలో మధ్యలో రిపోర్టు మళ్ళీ చూసే అవకాశం ఉంది. చివరి విడత వచ్చాక మీ ఇష్టం. జీతం పడే బ్యాంకులో ముందు అడగండి, పాత కార్డు సెటిల్ అయిన బ్యాంకులో మాత్రం ఇప్పట్లో అప్లై చేయకండి.

లెక్కలమాస్టారు

అప్పుడు కూడా ఆ ఎఫ్‌డీ కార్డు మూసెయ్యకు బాబూ. నీ మంచి చరిత్ర అంతా దాని మీదే ఉంది. వార్షిక రుసుము లేకపోతే నెలకో చిన్న బిల్లు దాని మీద వేసి, ఆటోపేలో మినిమం డ్యూ కాకుండా "మొత్తం బాకీ" అన్నది ఎంచుకో. మినిమం మాత్రమే కడితే మిగిలిన దాని మీద నెలకు మూడు, మూడున్నర శాతం పడుతుంది, కొత్త ఖర్చులకు వడ్డీ లేని గడువు కూడా ఉండదు.

కొత్తపద్దు

ఆటోపే ఇప్పుడే చూశాను మాస్టారూ, మినిమం మీదే ఉంది. చేత్తో ముందే కట్టేస్తున్నాను కాబట్టి ఇంతవరకు తెలియలేదు. మొత్తానికి మార్చాను. నో డ్యూస్ చేతికి రాగానే ఇక్కడ రాస్తాను.